సరస్సులో మునగని బాతు

పోయిన వారం నా మొగుడు భుజాన పసుపు వెదురుబొంగు, చంకలో నేను పెంచిన తెల్లబాతు పెట్టుకుని కొండమీది సరస్సు గుడికి బయల్దేరాడు. అక్కడ ఆపాను కదా. వెళ్లినవాడు మూడో రోజు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. బొంగు నిండా తీర్థం ఉంది. బాతు లేదు, సరస్సు తల్లికి సమర్పించానన్నాడు. కాళ్లు కడుక్కోకముందే వాకిట్లో నిలబడి అందరికీ ఆజ్ఞ వినిపించాడు. "ఈ కారు మొదటి నీళ్లు ఎగువ మళ్లకేనట. తల్లి మాట."

వంతు ప్రకారం ఈసారి మొదటి నీళ్లు దిగువ వాళ్లవి. కిందటి కారు ఎగువ వాళ్లు తీసుకున్నారు, కనుక ఈ కారు వీళ్లు. మా తాతల నాటినుంచీ అంతే. దిగువన మా అమ్మాయి కెర్ని అత్తవారి మళ్లున్నాయి. రెండో వంతు పడితే ఈ ఎండలకి వాళ్ల దాకా చేరేది తడి తప్ప నీళ్లు కావు. అయినా దిగువ వాళ్లు గొణిగి ఊరుకున్నారు. ఎందుకు ఊరుకున్నారంటే నేను ఊరుకోబెట్టాను. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. కన్నకూతురికి కూడా చెప్పాను. "తల్లే అన్నాక మనమెవరమే? చేతులు జోడించి నోరు మూసుకో" అన్నాను. ఆ మాట అన్నది నేనేనని ఈ వారం చదివేటప్పుడు కాస్త గుర్తుపెట్టుకోండి.

నా మొగుడు మా సుబాక్‌కి, అంటే ఒకే కాలువ నీళ్లు పంచుకునే రైతుల సంఘానికి, పెకాసె. ఏ మడికి ఏ రోజు నీళ్లు వదలాలో, ఎప్పుడు కట్టేయాలో ఆయన చెప్పిందే చెల్లుతుంది. నూట నలభై ఇళ్లవాళ్లు చేతులెత్తి ఎన్నుకున్న మనిషి. పుట్టినప్పుడు పెట్టిన పేరు దర్ప. కెర్ని పుట్టాక ఆయన పాన్ కెర్ని, అంటే కెర్ని నాన్న అయ్యాడు, నేను మెన్ కెర్ని, కెర్ని అమ్మ అయ్యాను. మా సొంత పేర్లు అటకెక్కాయి. ఇరవై ఆరేళ్లుగా మమ్మల్నిద్దర్నీ ఊరు ఆ పిల్ల పేరుతోనే పిలుస్తోంది.

నాలుగో నెల పౌర్ణమి పొద్దున ఆనకట్ట గుడి దగ్గర నీళ్లను ఆహ్వానించే పూజ. అది అయితేగానీ ఎవరూ మడి తడపకూడదు. పూజారి తీర్థం చల్లాలి, ఆ తీర్థంలో కొంత కాలువ నోట్లో పోయాలి, అప్పుడు అరటిబోదెలూ మట్టీ లాగేసి నీళ్లు వదలాలి. మూడేళ్ల కిందట సర్కారు వాళ్లిచ్చిన కొత్త విత్తనాల మోజులో పడి ఎవరికి తోచినప్పుడు వాళ్లు నాటారు. ఒకడి మడి కోతకొచ్చేసరికి పక్కవాడిది పొట్టమీద ఉండేది. సుడిదోమ ఆ మడినుంచి ఈ మడికి, ఎలుక ఈ మడినుంచి ఆ మడికి తీరుబడిగా కాపురాలు మార్చుకున్నాయి. దిగువ వాళ్లు ఆ ఏడు గడ్డి కోసుకున్నారు, గింజ లేదు. మళ్లీ బుద్ధొచ్చి అందరం సరస్సు గుడి మాట పట్టుకున్నాం.

ఆ పూజకనే నెత్తిన నైవేద్యాల బుట్టతో గట్టు మీద నడుస్తున్నాను. పాన్ రింటిగ్ కోసిన చేలో బాతుల మంద మేస్తోంది. పాన్ రింటిగ్ ఎగువన అందరికంటే ఎక్కువ మళ్లున్నవాడు. మా ఆయన ఏం మాట్లాడినా ముందుగా తలాడించేది ఆయనే. మంద మధ్య తెల్లగుడ్డ కట్టిన కర్ర పాతి ఉంది. బాతులు దాని చుట్టూనే తిరుగుతున్నాయి. అందులో ఒకదానికి తలమీద కుచ్చు, నేను పెంచినదానికిలాగే, ఎడమవైపుకి ఒరిగి ఉంది.

కుచ్చు బాతులు లోకంలో బోలెడు. నాకూ తెలుసు. నడిచి వెళ్లిపోదామనే అనుకున్నాను. కానీ కాళ్లు ఆగాయి. నోరు కూడా నా మాట వినలేదు. "రీ... రీ... రీ" అని పిలిచాను, గుప్పెడు తవుడు చేత్తో పట్టుకుని ఏడాదిపాటు రోజూ పిలిచినట్టు.

అది మంద వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చింది.

గట్టెక్కి నా కాలివేళ్లు పొడిచింది. బుట్ట దించి, దాన్ని ఎత్తుకుని, మెడకింద ఈకల్లో వేలు పెట్టి చూశాను. దారం ఉంది. తెలుపు, ఎరుపు, నలుపు కలిపి నేను పేనిన దారం. మా అమ్మ నేర్పిన ముడి. సరస్సులో మునగాల్సిన బాతు నా గుండెకి ఆనుకుని వెచ్చగా కూర్చుంది.

నాకు మొదట కోపం రాలేదు. సిగ్గేసింది. ఆయన సరస్సుకి వెళ్లిన మూడు రోజులూ నేను నీచు ముట్టలేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. దీపం కొండెక్కకుండా చూశాను. దేవుడి పని మీద వెళ్లినవాడి పెళ్లానికి ఉండాల్సిన నియమాలన్నీ ఒక్కటి తప్పకుండా పాటించాను. ఎవరికోసం పాటించినట్టు?

బుట్టలో పళ్లు కొంచెం జరిపి బాతుని కూర్చోబెట్టి పైన గుడ్డ కప్పాను.

గుడి గేటు దగ్గర కెర్ని నిలబడి ఉంది. దిగువ వాళ్లంతా లోపలికి వెళ్లినా అది బయటే ఉంది. నామీద అలక అనుకున్నాను.

"లోపలికి రావేం?"

"తర్వాతొస్తాలే అమ్మా."

నడుముకి చుట్టుకున్న కంబెన్ అంచు కిందికి లాక్కుంది. అయినా పిక్క మీద నమిలి అంటించిన పొగాకు ముద్ద కనబడింది.

"అదేంటి కాలికి?"

"ముల్లు గుచ్చుకుంది."

ఇంకోరోజైతే కూర్చోబెట్టి చూసేదాన్నే. ఆ పూట నెత్తిమీద బాతుంది.

నా మొగుడు గుడి వెనక వంటపాక దగ్గర ఉన్నాడు. తెల్ల తలపాగా, పసుపు నడికట్టు, చెవిలో మందారం. మాంసం కొడుతున్నవాళ్లకి కారం ఎంత వేయాలో చెబుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే. చేయి పట్టుకుని ఏటి ఒడ్డుకి తీసుకెళ్లాను. బుట్ట మా ఇద్దరి మధ్యా దించాను.

"పాన్ కెర్నీ, ఒక్క సంగతి అడుగుతా. బాతుని సరస్సులో నువ్వే వదిలావా?"

"మరి ఇంకెవరు? నేనే."

"వెంటనే మునిగిందా?"

"పడవ మీద నడిమధ్య దాకా తీసుకెళ్లాం. సరస్సు గుడి పూజారి మంత్రం చదివాడు. కాళ్లకి రాయి కట్టి వదిలాను. మూడుసార్లు పైకొచ్చింది మెన్ కెర్నీ. మూడోసారి నా వైపు చూసింది. నాకు కళ్లనీళ్లొచ్చేశాయనుకో. తర్వాత ఒక్క ఈక తేలింది, అంతే. తల్లి తీసుకుంది."

నేను అలా వింటూ ఉన్నాను. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆయన నాకు ఇంత వివరంగా ఏ సంగతీ చెప్పలేదు. మా నాన్న పోయినప్పుడు కూడా "పోయాడు" అని ఒక్క మాట అన్నాడు. నిజం చెప్పడానికి ఒక్క మాటతో సరిపెట్టే మనిషికి అబద్ధం చెప్పడానికి ఇన్ని మాటలు ఎక్కడినుంచి వచ్చాయో! చెప్పెయ్, చెప్పెయ్, ఇప్పుడైనా చెప్పెయ్ అని లోపల బతిమాలుకుంటూనే ఉన్నాను.

"ఒక్క ఈకే తేలిందా?" అన్నాను.

"ఒక్కటే. తెల్లది."

గుడ్డ కింద బాతు అరిచింది.

ఆయన బుట్ట వైపు చూశాడు. నేను గుడ్డ తీశాను. కుచ్చు తల బయటికి పెట్టి, ఆయన్ని చూసి, ఇంకోసారి గట్టిగా అరిచింది. ఆయన మొహంలో రంగు దిగిపోయింది.

"గట్టిగా మాట్లాడకు" అన్నాడు మెల్లగా.

"నేనింకా ఏమీ మాట్లాడలేదు. అరిచింది నీ బాతు."

"మెన్ కెర్నీ..."

"ఎక్కడున్నావు ఆ మూడు రోజులూ?"

ఆయన ఏటి వైపు చూశాడు. "పాన్ రింటిగ్ చేలో. గుడిసెలో."

"కూతవేటు దూరంలో!"

"మన పొయ్యి పొగ కనబడేది" అన్నాడు, అదేదో నాకు ఊరట అన్నట్టు.

అప్పుడొచ్చింది కోపం. నేనిక్కడ ఆయన క్షేమంగా కొండ దిగాలని దీపం పెట్టుకుని కూర్చుంటే, ఆయన అక్కడ గుడిసెలో కాళ్లు చాపుకుని నా పొయ్యి పొగ చూశాడట.

"తీర్థమో?"

"గుడిసె పక్క ఊట నీళ్లు. మంచి నీళ్లేలే."

"మంచి నీళ్లేలే!"

"విను. కొత్త విత్తనం నారు పోశాం. నేనూ, పాన్ రింటిగ్, ఇంకో తొమ్మిదిమంది. వెదురుపొద వెనకాల. ఆ నారు ఇరవై రోజుల్లో పీకి నాటాలి, ముదిరితే గడ్డే. ఇంక నాలుగు రోజులే ఉంది."

"వంతు దిగువదని తెలిసే పోశారా?"

"పోసేశాక ఇంకేం చేస్తాం? నేను సరస్సుకి వెళ్లి అడిగితే తల్లి దిగువకే అంటుంది. అందుకే వెళ్లలేదు."

"భయం లేదూ నీకు?"

"భయం ఉండబట్టే వెళ్లలేదు మెన్ కెర్నీ. ఆవిడ ఎదురుగా నిలబడి అబద్ధం ఆడలేను."

"నా ఎదురుగా ఆడగలిగావు" అన్నాను.

కాలి బొటనవేలితో ఇసుక గీరుతూ నిలబడ్డాడు. ఊరందరి నీళ్లకి లెక్క చెప్పే మనిషి.

"మరి ఈ బాతుని కోసుకుని తినలేకపోయారా? పీడా పోయేది."

నా మొగుడు నిజంగానే చెవులు మూసుకున్నాడు. "ఛ ఛ, ఏం మాటలవి! తల్లికి మొక్కిన బాతుని తింటామా? కళ్లు పోవూ! అందుకే పాన్ రింటిగ్ మందలో వదిలాను."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తల్లి పేరు చెప్పి ఊరందరినీ మోసం చేయడానికి అడ్డురాని పాపం బాతు దగ్గరికొచ్చేసరికి అడ్డొచ్చింది. ఈ పాపభీతి లేకపోతే ఆయన దొరికేవాడే కాదు.

గుడిలో గంట మొదలైంది. ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"ఈ ఒక్క పూటకి ఊరుకో. నైవేద్యాలు అల్లినవి నీ చేతులు. బయటపడితే నాతోపాటు నీ పేరూ పోతుంది. కెర్ని గురించి నువ్వేం బెంగపెట్టుకోకు. దాని సంగతి నేను చూసుకున్నాను."

"ఏం చూసుకున్నావు? ఎండిన కాలవా?"

"చూసుకున్నానన్నాను కదా" అన్నాడు.

చేయి విదిలించుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచాను. ఆ మాట ఏమిటో అప్పుడు నేను పట్టించుకోలేదు. మోసపోయిన మనిషికి ఎదుటివాడి ప్రతి మాటా అబద్ధంలాగే వినిపిస్తుంది. ఆ పూట నేను నమ్మని నిజం అదొక్కటే అయుండాలా!

గుళ్లో ఎడమవైపు ఎగువ వాళ్లు, కుడివైపు దిగువ వాళ్లు కూర్చున్నారు. పారలు బయట గోడకి ఆనించి ఉన్నాయి. పూజారి తాత ఎత్తు అరుగు మీద ఉన్నాడు. ఎనభై ఏళ్లుంటాయి, చూపు మందగించింది గానీ చెవి పాము చెవి. తీర్థం బొంగు ఆయన పక్కన చాప మీద ఉంది. దాన్ని అరుగు మీంచి కాలువ నోటి దాకా పెకాసె పెళ్లాం నెత్తిన పెట్టుకుని మోయాలి. పదకొండేళ్లుగా మోస్తున్నాను.

"రా మెన్ కెర్నీ, బొంగు అందుకో" అన్నాడు తాత.

బుట్ట దించి ఆయన ముందు పెట్టాను. గుడ్డ తీశాను.

"తాతా, ఈ తీర్థం సరస్సుది కాదు. సరస్సుకిచ్చిన బాతు ఇదిగో, ఇక్కడుంది."

గంట ఆగిపోయింది. దిగువ వాళ్లలో ముందు వరసలో ఉన్న పాన్ లుద్ర లేచి నిలబడ్డాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు, మూడేళ్ల కిందట గడ్డి కోసుకున్నవాళ్లలో ఒకడు.

"ఏమంటున్నావమ్మా?"

"మా ఆయన సరస్సుకి వెళ్లలేదు. తల్లి ఎగువకి ఇమ్మనలేదు. ఎగువన పదకొండుమంది దొంగచాటుగా నారు పోసుకున్నారు, దానికోసమే ఇదంతా. వంతు మీదే."

"అది వేరే బాతు!" అని ఎడమవైపునుంచి పాన్ రింటిగ్ అరిచాడు. "కుచ్చు బాతులన్నీ ఒకేలా ఉంటాయి!"

"అవును, అన్నీ ఒకేలా ఉంటాయి. అన్నిటి మెడలోనూ నేను దారం కడతానా?"

పూజారి తాత బాతుని ఒళ్లోకి తీసుకున్నాడు. ముసలి వేళ్లతో మెడ తడిమాడు. ముడి దగ్గర వేలు ఆగింది.

"పెకాసె," అన్నాడు. "ఏమంటావు?"

నా మొగుడు అరుగు కింద మోకాళ్ల మీద కూర్చుని తల వంచుకున్నాడు. ఎడమవైపు పదిమందీ ఎవరి పాదాలు వాళ్లు చూసుకుంటున్నారు. కుడివైపు ఒకాయన గోడ దాకా వెళ్లి పార చేతిలోకి తీసుకున్నాడు.

"ఈవిడ మాట నమ్మి నోరు మూసుకున్నాం!" అన్నాడు పాన్ లుద్ర. "మా ఇంటికొచ్చి మరీ చెప్పింది, తల్లి ఆజ్ఞ అని!"

"నేనూ నమ్మాను పాన్ లుద్రా. మీకంటే ముందు నమ్మాను, మీకంటే ఎక్కువ నమ్మాను. అందుకే ఇప్పుడు మీ ముందు నిలబడి చెబుతున్నాను."

"ఆగండి" అన్నాడు పూజారి తాత. "పారలు దించండి. పూజకి ముందు మడి తడిపిన వాళ్లకి శిక్ష ఏమిటో అందరికీ తెలుసు. ఈ కారంతా వాళ్ల తూము మూసేస్తాం. ఎగువైనా అంతే, దిగువైనా అంతే. ఒక్క చుక్క వదలం."

"దిగువన తడపడానికి ఏముంది తాతా, ఎండి బీటలు వారాయి!" అని ఎవరో అన్నారు. దిగువ వాళ్లు చేదుగా నవ్వారు.

"ఇంకో బొంగు తీసుకుని ఇవాళే సరస్సుకి వెళ్లాలి. ఈ బాతుతోనే" అన్నాడు తాత. "ఈసారి దిగువ వాళ్లు వెళ్లండి. మీ తరఫున ఎవరు మోస్తారు దీన్ని?"

ఎవరు మోయాలో నాకు తెలుసు. గర్వంగా వెనక్కి తిరిగాను. మొగుడు పోయినా కూతురు మిగిలిందనిపించింది.

"కెర్నీ! లోపలికి రా. బాతుని నువ్వు పట్టుకో."

కెర్ని గేటు దగ్గరే ఉంది. కదల్లేదు. దాని కళ్లనిండా నీళ్లున్నాయి.

"రావే!" అంటూ తాత ఒళ్లోంచి బాతుని ఎత్తుకుని గేటు దాకా వెళ్లాను.

"అమ్మా," అంది, నాకు మాత్రమే వినబడేటట్టు. "ఎందుకు చెప్పావే? ఊరుకుంటే ఏం పోయేది?"

అంత దగ్గరనుంచి అప్పుడు కనబడింది. పిక్క మీద పొగాకు ముద్ద జారిపోయింది. దాని కిందనుంచి రక్తం సన్నగా, ఆగకుండా మడమ దాకా కారుతోంది. ముల్లు గుచ్చుకుంటే రక్తం అలా కారదు. అలా కారేది జలగ పట్టిన చోట. రక్తం కారే ఒంటితో గుళ్లోకి రాకూడదు కనుకనే అది పొద్దుట్నించీ బయట నిలబడింది.

జలగ తడి మళ్లో ఉంటుంది. ఎండిన నేలలో ఉండదు.

"నాన్న గట్టు కింద గొట్టం వేయించాడు" అంది కెర్ని, పెదవులు కదపకుండా. "మేమూ నారు పోశాం అమ్మా. మా ఆయన ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను."

దాని సంగతి నేను చూసుకున్నాను, అన్నాడు కదా. నిజంగానే చూసుకున్నాడు. నేను ఇల్లిల్లూ తిరిగి దిగువ వాళ్లని ఊరుకోబెడుతున్న రోజుల్లో, చేతులు జోడించమని నేను కసిరిన నా కూతురు, నా మాటకి తలూపి ఇంటికెళ్లి తన నారుమడి తడుపుకుంది. వాళ్లందరికీ తెలుసు. తెలియని వెర్రిదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు ఊరందరి ముందూ నోరు విప్పి, నా చేతులతో నేనే దాని తూము మూయించాను.

"ఏమైంది అక్కడ?" అన్నాడు పాన్ లుద్ర. గేటు వైపు వస్తున్నాడు. "ఆ పిల్ల లోపలికి రాదేం?"

నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేదాన్ని కాదేమో. కెర్నికి అడ్డంగా నిలబడ్డాను. నా కంబెన్ అంచు దాని మడమల మీద పడేటట్టు కాళ్లు ఎడంగా పెట్టాను.

పూజారి తాత అరుగు మీద లేచి నిలబడ్డాడు. "మెన్ కెర్నీ, పక్కకి జరుగు."

"ముల్లు గుచ్చుకుంది తాతా" అన్నాను. "అంతే. చిన్న ముల్లు."

మోకాళ్ల మీద తల వంచుకుని ఉన్న నా మొగుడు అప్పుడు తలెత్తి నా కళ్లలోకి చూశాడు. పూజారి తాత కర్ర పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి గేటు వైపు రాసాగాడు.